పాత కంప్యూటరుకు కొత్త జ్ఞాపకం

కంప్యూటర్ల చరిత్ర రాసేవారు ర్యామ్ పెరుగుదలను సాధారణంగా వేగం లెక్కన చెబుతారు. కిలోబైట్లు మెగాబైట్లయ్యాయి, నిమిషం పట్టే పని క్షణంలో అయింది, అంటారు. అది నిజమే. కానీ తెలుగు చదువరుల మటుకు ఆ చరిత్రలో మరొక అధ్యాయం ఉంది. 2001 తరువాత కొన్నేళ్ళపాటు మన ఇళ్ళలోని యంత్రాలకు మెమొరీ పెంచడమంటే వేగం తెచ్చుకోవడం ఒక్కటే కాదు, అక్షరం తెచ్చుకోవడం కూడా. 64 మెగాబైట్ల దగ్గర ఆగిపోయిన చాలా కంప్యూటర్లలో తెలుగు ఖాళీ డబ్బాలుగా కనబడేది. 128 దాటినవాటిలో తెలుగుగా కనబడేది. ఈ సరిహద్దు ఎలా ఏర్పడింది, అది నిజంగా మన లిపి బరువు వల్లనే ఏర్పడిందా అన్నది ఈ టపాలో విచారిస్తాను. మా బెల్లంపల్లిలో ఇప్పటికీ పనిచేస్తున్న ఒక పాత డెస్క్‌టాపు ఇందుకు నాకు సాక్ష్యం.

ముందు మెమొరీ అంటే ఏమిటో రెండు మాటలు. ఈనాటి ర్యామ్‌కు మూలపురుషుడు ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్. ఒక ట్రాన్సిస్టరు, దాని పక్కన విద్యుత్తును నిలవ చేసే ఒక చిన్న కెపాసిటరు, ఈ రెండూ ఉంటే ఒక బిట్టును దాచవచ్చునని 1966లో ఆయనకు తోచింది. 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 అనే చిప్పులో 1,024 బిట్లు పట్టేవి. (అందులో ఒక్కొక్క గదికి మూడు ట్రాన్సిస్టర్లు, డెన్నార్డ్ పద్ధతి ఆ తరువాత స్థిరపడింది.) ఈ కెపాసిటరు చిల్లికుండ వంటిది. అందులో పోసిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. కాబట్టి సెకనుకు ఎన్నోసార్లు చదివి మళ్ళీ నింపుతూ ఉండాలి. మన డెస్క్‌టాపుల్లోని ఎస్‌డీర్యామ్‌లో ప్రతి గదినీ సుమారు 64 మిల్లీసెకన్లకొకసారి నింపాలి. ఒక 128 మెగాబైట్ల ర్యామ్‌లో ఇటువంటి గదులు నూట ఏడు కోట్లకు పైగా ఉంటాయి. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఖాళీ. వేసవిలో కోతల మధ్య రాసుకున్నవారికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. డెన్నార్డ్ 2024లో మరణించాడు.

అంతకు ముందటి మెమొరీకి ఈ మతిమరుపు లేదు. సన్నని తీగల వలలో ఆవగింజల్లాంటి ఫెర్రైటు వలయాలను గుచ్చి, ఒక్కొక్క వలయాన్ని అటో ఇటో అయస్కాంతీకరించి బిట్టును దాచేవారు. కరెంటు పోయినా వలయం తన దిశను మరవదు. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌వారు నిర్మించి 1960లో పనిలో పెట్టిన టిఫ్రాక్ యంత్రంలో ఉన్నది ఈ రకం మెమొరీయే. తెలుగునేలకు కంప్యూటర్ల తయారీ వచ్చింది 1967లో హైదరాబాదులో స్థాపించిన ఈసీఐఎల్‌తో. ట్రాంబే శాస్త్రవేత్తలు రూపొందించి 1969లో బయటికి తెచ్చిన టీడీసీ-12, దాని తరువాతి యంత్రాలు ఆ సంస్థ పేరుతోనే దేశమంతా వెళ్ళాయి. అంటే మెమొరీ మన ప్రాంతానికి దిగుమతి సరుకుగా మాత్రమే పరిచయమైనది కాదు. కాకపోతే ఆ యంత్రాలు ప్రయోగశాలల కోసం, ప్రభుత్వ సంస్థల కోసం. వాటిలో తెలుగు కనబడాలని ఎవరూ అడగలేదు, అడిగే సందర్భమూ రాలేదు.

ఆ సందర్భం బల్ల మీద పట్టే కంప్యూటరుతో వచ్చింది. 1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం పీసీ అతి చవకరకంలో ఉన్న మెమొరీ 16 కిలోబైట్లు. దాని ప్రాసెసరు 8088 గుర్తించగలిగిన మొత్తం స్థలం ఒక మెగాబైటు. అందులో పై భాగం తెరకు, ఇతర పరికరాలకు కేటాయించగా ప్రోగ్రాములకు మిగిలింది 640 కిలోబైట్లు. ఈ 640 గీత దాటడానికి ఆ తరువాత పదేళ్ళు ప్రోగ్రామర్లు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు.

ఆ యంత్రం తెర మీద అక్షరాన్ని చూపించే తీరే మనకు అసలు అడ్డంకి. అడ్డంగా 80, నిలువుగా 25, వెరసి 2,000 గళ్ళు. ఒక్కొక్క గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరానికి, రెండవది రంగుకు. తెర నిండా ఇంగ్లీషు రాస్తే 4,000 బైట్లు చాలు. అక్షరాల రూపాలు 256, ఒక రామ్ కాని రోమ్ చిప్పులో పోతపోసి ఉండేవి. గడి వెడల్పు మారదు. ఒక గడి అక్షరం పక్క గడిలోకి పోదు, కింది గడిలోకి దిగదు. ఇప్పుడు ‘ల్లి’ అన్న అక్షరాన్ని ఆ గడిలో ఊహించండి. లకారానికి గుడి పైన, వత్తు కింద. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిపితే మన లిపిలో రూపాలు వేలల్లోకి పోతాయి. ఇంగ్లీషుకు ఇల్లు కట్టినవాడు మనకు వసారాలో కూడా చోటు ఉంచలేదు.

ఐతే దీనికి పరిష్కారం అసాధ్యమేమీ కాలేదని మనవాళ్ళే చూపించారు. కాన్పూరు ఐఐటీలో భారతీయ లిపుల కోసం పనిచేసిన బృందం 1983 నాటికే దేవనాగరిలో పనిచేసే టెర్మినల్‌ను ప్రదర్శించింది. ఆ పని 1988లో ఏర్పడిన సీ-డాక్‌కు చేరి జిస్ట్ కార్డుగా బయటికి వచ్చింది. మదర్‌బోర్డు మీది ఖాళీ స్లాటులో ఆ కార్డును గుచ్చితే, మామూలు డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగుతో సహా భారతీయ లిపులు కనబడేవి. మీటల నుంచి వచ్చిన అక్షరాలను కలిపి రూపం కట్టే పనిని కార్డు తన మీద వేసుకునేది. అంటే 640 కిలోబైట్ల యంత్రంలోనే తెలుగు సాధ్యమైంది. ఈ ఒక్క వాస్తవాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దీని అవసరం ముందు ఉంది. ఆ కృషిలోనే పుట్టిన ఇస్కీ సంకేతపద్ధతి 1991లో భారతీయ ప్రమాణమైంది. కార్డు కొనగలిగిన కార్యాలయాలకు తెలుగు దక్కింది. ఇళ్ళకు దక్కలేదు.

1990లలో విండోస్ వచ్చింది. తెర గళ్ళుగా కాక చుక్కలుగా మారింది. ఇక ఏ రూపమైనా గీయవచ్చు. దానికి తగినట్టే మెమొరీ ఆకలీ పెరిగింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్లు కావాలన్నారు, 8 ఉంటే మంచిదన్నారు. విండోస్ 98కు కనీసం 16. మెమొరీ అప్పటికి విడి చిప్పుల రూపం వదిలి చిన్న పలకల మీదికి వచ్చింది. మొదట 30 పిన్నుల సిమ్ములు, తరువాత 72 పిన్నులవి. పెంటియం ప్రాసెసరు ఒకసారికి 64 బిట్లు చదువుతుంది, 72 పిన్నుల సిమ్ము ఇచ్చేది 32 బిట్లే. అందుకే పెంటియం యంత్రాల్లో సిమ్ములను జంటలుగానే గుచ్చవలసి వచ్చేది. ఒక్కటే కొనగలిగినవాడు రెండవదానికి డబ్బు కూడేదాకా ఆగవలసిందే. 168 పిన్నుల డిమ్ములు వచ్చాక ఈ జంట నియమం పోయింది.

ధర మాట కూడా చెప్పుకోవాలి. మెమొరీ ధర మన చేతిలో ఎన్నడూ లేదు. 1993 జులైలో జపానులోని నీహామాలో సుమితోమో కెమికల్ కర్మాగారం పేలిపోయింది. చిప్పులను పొదిగే జిగురు పదార్థంలో ప్రపంచానికి కావలసిన దానిలో పెద్ద భాగం అక్కడే తయారయ్యేది. దానితో ప్రపంచమంతా ర్యామ్ ధర ఎగబాకింది. 1999 సెప్టెంబరులో తైవాను భూకంపంతో మళ్ళీ పెరిగింది. ఇవి దైవికాలు, ప్రమాదాలు. మానవకృతమైనది వేరే ఉంది. 1999 నుంచి 2002 వరకు కొన్ని పెద్ద తయారీ సంస్థలు తమలో తాము మాట్లాడుకొని ధరలు నిర్ణయించాయని అమెరికా న్యాయశాఖ నేరం మోపింది. ఇన్ఫినియన్ 2004లో 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 2005లో 18.5 కోట్లు, శాంసంగ్ అదే ఏడు 30 కోట్లు జరిమానా కట్టడానికి ఒప్పుకొని నేరం అంగీకరించాయి. మరొక వైపు 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థవారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరడం వల్ల ఇటువంటి సరుకు మీద దిగుమతి సుంకం మెట్లుమెట్లుగా తగ్గి 2005 నాటికి సున్నా అయింది. జిల్లా పట్టణాల్లో ర్యామ్ మధ్యతరగతికి అందిన కాలం కూడా రమారమి అదే.

ఇంతలో తెలుగు సంగతి ఏమైంది? విండోస్‌లో తెలుగు వచ్చింది, కానీ వేషంలో వచ్చింది. ఇంగ్లీషు ఫాంటులోని అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు, ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, మరొకచోట వత్తు, పెట్టి ఫాంటులు చేశారు. డీటీపీ కేంద్రాల్లో పుస్తకాలన్నీ ఇలాగే తయారయ్యాయి. పత్రికల జాలస్థలాలూ ఎవరి ఫాంటు వారిదిగా ఇలాగే నడిచాయి. కంటికి తెలుగే. యంత్రానికి మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంటు లేని చోట అసలు స్వరూపం బయటపడేది. అటువంటి పుటలో ‘బెల్లంపల్లి’ ఉన్నా, వెతికితే దొరకదు. గని ప్రమాదం వార్తలోనూ, సమ్మె వార్తలోనూ మా ఊరి పేరు వందలసార్లు అచ్చై ఉండవచ్చు. యంత్రం దృష్టిలో అది ఒక్కసారి కూడా రాయబడలేదు.

ఈ వేషం తీసేయడానికే యూనికోడ్. 1991 అక్టోబరులో వెలువడిన మొదటి సంపుటంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఇస్కీ వరసనే అందులో చాలావరకు పాటించారు. అంటే సంకేతం 1991లోనే సిద్ధం. మరి మన ఇంటి తెర మీదికి రావడానికి పదేళ్ళు ఎందుకు పట్టింది?

ఇక్కడే మన కథలో కీలకం ఉంది. విండోస్ 95, 98 యంత్రాంగం 256 గుర్తుల పుటల మీద నడిచేది. వాటిని కోడ్ పేజీలనేవారు. పశ్చిమ ఐరోపాకు ఒక పేజీ, రష్యనుకు ఒకటి, గ్రీకుకు ఒకటి, థాయికి కూడా ఒకటి. తెలుగుకు పేజీ లేదు. హిందీకీ లేదు. భారతీయ భాషలను యూనికోడ్‌లో మాత్రమే ఇవ్వాలని నిర్ణయించారు. యూనికోడ్ మీద మొదటి నుంచీ నిర్మించినది మరొక వంశం, విండోస్ ఎన్‌టీ. అది కార్యాలయాల కోసం చేసిన బరువైన వ్యవస్థ. ఆ వంశంలోని విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి. తెలుగు రాలేదు. 2001 అక్టోబరులో ఎక్స్‌పీ వచ్చినప్పుడు కన్నడ, గుజరాతీ, పంజాబీలతో పాటు తెలుగు వచ్చింది. ఫాంటు పేరు గౌతమి. నిజానికి అప్పుడు కూడా అది దానంతటదే తెరుచుకోలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల కిటికీకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల పక్కన గడిలో టిక్కు పెట్టి, అసలు సీడీని లోపల పెడితే గాని అక్షరాలు సరిగ్గా అతుక్కునేవి కావు. వత్తులు విడిపోయి పక్కకు పడివున్న తెలుగును ఆ రోజుల్లో చూడని మిత్రులుండరు.

ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్లు, మంచిగా నడవాలంటే 128 అని పెట్టె మీద రాశారు. 64తో అది లేచేది, కానీ నడిచేది కాదు. ప్రతి మాటకూ హార్డ్ డిస్కు గరగరలాడేది. 2000 ప్రాంతంలో ఇళ్ళకు కొన్న కంప్యూటర్లలో 32, 64 సామాన్యం. అందువల్ల తెలుగుకు, ఇంటికి మధ్య 64 మెగాబైట్ల దూరం ఏర్పడింది.

మరి ఆ మెమొరీ అంతా మన అక్షరాలు తినేశాయా? లెక్క వేసి చూద్దాం. ‘బెల్లంపల్లి’ అన్న మాటలో మనం పలికే అక్షరాలు నాలుగు: బె, ల్లం, ప, ల్లి. యూనికోడ్‌లో బకారం, ఎత్వం, లకారం, పొల్లు, మళ్ళీ లకారం, సున్న, ఇలా విడదీస్తే 11 స్థానాలు. విచిత్రమేమంటే రైల్వే బోర్డు మీద ఇంగ్లీషులో రాసినా 11 అక్షరాలే. ఇంగ్లీషుకు 11 బైట్లు. తెలుగుకు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క స్థానానికి 3 చొప్పున 33 బైట్లు. మూడింతలు! అని ఆశ్చర్యపోనక్కరలేదు. ఇరవై వేల స్థానాల పెద్ద వ్యాసం 60 కిలోబైట్లకు మించదు. 64 మెగాబైట్లలో అటువంటి వ్యాసాలు వెయ్యికి పైగా పడతాయి. అక్షరాల రూపాలు దాచుకున్న ఫాంటు ఫైలు కూడా మెగాబైట్ల లెక్కలోకి రాదు. కాబట్టి మన లిపి బరువైనది, సంక్లిష్టమైనది, అందుకే యంత్రం మోయలేకపోయింది అన్న మాట నిలవదు. జిస్ట్ కార్డు 640 కిలోబైట్ల యంత్రంలో చేసిన పనికి పదేళ్ళ తరువాత 128 మెగాబైట్లు అడిగారంటే ఆ తేడా తెలుగుది కాదు. తెలుగును ఎక్కించిన బండిది. పాత బండిలో మనకు సీటు లేదు, కొత్త బండికి పెద్ద పెట్రోలు ట్యాంకు కావాలి. మనం కట్టింది ట్యాంకు ధర.

సొంత పాట్లు పడినవారూ ఉన్నారు. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంటులు, నాగార్జున వెన్నగారి పద్మ, ఇవన్నీ ఈ దూరాన్ని తగ్గించడానికి తెలుగువారు తమంతట తాము వేసుకున్న వంతెనలు. లినక్సు మిత్రులు మరొక దారిలో నడిచారు. విండోస్ 98లోనే కొత్త బ్రౌజరు, యూనికోడ్ ఫాంటు చేర్చి తెలుగు పుటలు చదువుకున్నవారున్నారు. ఐతే చదవడం వేరు, రాయడం వేరు. ఫైలుకు తెలుగులో పేరు పెట్టుకోవడం 98లో కుదిరేది కాదు. కనుక ఎక్కువమందికి మిగిలిన దారి మెమొరీ పెంచి ఎక్స్‌పీకి మారడమే.

మా ఇంట్లో జరిగినదీ అదే. బెల్లంపల్లి బొగ్గు ఊరు. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం మీద, మంచిర్యాల దాటాక వస్తుంది. అప్పుడు ఆదిలాబాదు జిల్లా, 2016 అక్టోబరు నుంచి మంచిర్యాల జిల్లా. మా నాన్న సింగరేణిలో మూడు షిఫ్టులూ చేసిన కార్మికుడు. తెలుగు పత్రిక మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివే మనిషి. ఇంగ్లీషు రాదు. ఆయన డబ్బుతో కొన్న కంప్యూటరు మూడేళ్ళు ఇంట్లో ఉన్నా దానిలో ఆయన చదవగలిగినది ఒక్క ముక్కా లేదు. పెంటియం-3 ప్రాసెసరు, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు, 64 మెగాబైట్లు, విండోస్ 98. 2004లో దీనికి ఇంకొక 128 చేర్చాలని నిశ్చయించాను.

ర్యామ్ కొనడం కూరగాయలు కొన్నట్టు కాదు. మా బోర్డుకు కావలసింది 168 పిన్నుల ఎస్‌డీర్యామ్, 3.3 వోల్టులది. అప్పటికే దుకాణాల్లో 184 పిన్నుల డీడీఆర్ నిండిపోయి పాతరకం అడుగున పడింది. రెండింటికీ గాడి స్థానం వేరు, ఒకదాని చోట ఒకటి దిగదు. మరొక చిక్కు చిప్పుల సాంద్రత. 440బీఎక్స్ ఒక్కొక్క చిప్పులో 128 మెగాబిట్ల వరకే పూర్తిగా గుర్తిస్తుంది. ఎనిమిది చిప్పులతో వచ్చే 256 మెగాబైట్ల ర్యామ్ గుచ్చితే సగమే కనబడుతుంది. పదహారు చిప్పులదైతే మొత్తం కనబడుతుంది. అంతకు పాత 430టీఎక్స్ బోర్డుల కథ ఇంకా చిత్రం. వాటిలో మొదటి 64 మెగాబైట్లకే క్యాషె వర్తిస్తుంది. ఆపైన మెమొరీ చేరిస్తే కొన్ని పనుల్లో యంత్రం వేగం తగ్గేది. మెమొరీ పెంచితే మందగించే యంత్రం!

భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వెళ్ళి, ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లు ఎక్కి దిగి, నాలుగో దుకాణంలో ఎనిమిది చిప్పుల 128 సంపాదించాను. దుకాణంలో కుర్రవాడు, “అన్నా, ఇది పీసీ-133. మీ బోర్డు 100 మీదనే నడుస్తది, ఏం పరవాలేదు, తక్కువకు దిగి పనిచేస్తది” అని భరోసా ఇచ్చాడు. అతను చెప్పింది నిజమే.

బెల్లంపల్లిలో కంప్యూటరు మూత తీయడమంటే ముందు దుమ్ముతో పని. సైడింగుల ఊళ్ళో ఆ దుమ్ములో నలుపు పాలు ఎక్కువ. బ్రష్షుతో స్లాటు దులిపి, పాత ర్యామ్ బంగారుపూత పళ్ళను పిల్లల రబ్బరుతో తుడిచి, చేతిలోని స్థిరవిద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును తాకి, రెండువైపుల తెల్లని కొక్కేలు వాటంతట అవే బిగిసేదాకా కొత్తదాన్ని నొక్కాలి. సరిగ్గా కూర్చోకపోతే స్పీకరు సాగదీసి అరుస్తుంది. ఆన్ చేయగానే నల్లని తెర మీద అంకెలు పరుగెత్తాయి. ప్రతిరోజూ 65536 దగ్గర ఆగే లెక్క ఆ రోజు ఆగకుండా పోయి 196608 దగ్గర నిలిచింది. 64, 128 కలిసి 192 మెగాబైట్లు.

ఎక్స్‌పీ ఎక్కించి, గడిలో టిక్కు పెట్టి, సీడీ చూపించి, నోట్‌ప్యాడ్‌లో ఊరి పేరు కొట్టాను. నాన్న వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని చూశారు. “గిది మన ఊరి పేరే గదా బిడ్డా. గిన్నొద్దులు ఎందుకు రాలే?” అన్నారు. పైన చెప్పిన కోడ్ పేజీల చరిత్ర అంతా ఆ ప్రశ్నకు జవాబే. ఆ పూట మాత్రం, “దాంట్ల జాగ సాలలేదు నాయనా” అని చెప్పాను. వివరించబోతే రెండవ షిఫ్టు వేళ దాటిపోయేది. ఆ తరువాత ఆయన ఆదివారాలు వచ్చి కూర్చునేవారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అప్పటికి వ్యాసాలు తక్కువ, ఉన్నవి చిన్నవి. అయినా అది ఆయన చదవగలిగిన మొదటి తెర.

ఇప్పుడు ఈ యంత్రం చేస్తున్న పని చెప్పి ముగిస్తాను. విండోస్ 98కు 2006లో, ఎక్స్‌పీకి 2014లో మైక్రోసాఫ్ట్ సంరక్షణ ఆపివేసింది. ఈ పెట్టెను నేను ఇంటర్నెట్టుకు కలపను. ఐనా అమ్మలేదు. కారణం, వేషంలో ఉన్న తెలుగు. 1990లలో డీటీపీ చేసిన కరపత్రాలు, సావనీర్లు, చిన్న కవితాసంపుటాలు ఫ్లాపీల్లో, సీడీల్లో ఎవరెవరి బీరువాల్లోనో ఉన్నాయి. ఆ ఫాంటులు, ఆ పేజ్‌మేకరు నేటి యంత్రాల్లో సుఖంగా నడవవు. కొన్ని ఫాంటు సాఫ్టువేర్లకు ప్రింటరు పోర్టులో గుచ్చే తాళం కావాలి, ఆ పోర్టు కొత్త కంప్యూటర్లకు లేదు. అందుకని ఈ పెట్టెలో 98నూ ఎక్స్‌పీనీ పక్కపక్కన ఉంచాను. 98లో పాత ఫైలు తెరవడం, ఎక్స్‌పీలో యూనికోడ్‌కు మార్చడం. ఈ పనికి 192 చాలక నిరుడు మూడవ స్లాటులో పదహారు చిప్పుల 256 చేర్చాను. మొత్తం 448. ఇటువంటి పని తలపెట్టే మిత్రులకు ఒక సూచన: 98 ఉన్న యంత్రంలో 512 మెగాబైట్లు దాటించకండి. దాటితే దాని డిస్కు క్యాషె హద్దుమీరి, మెమొరీ పుష్కలంగా ఉన్నా మెమొరీ చాలదని మొరాయిస్తుంది. తప్పనిసరైతే సిస్టమ్ డాట్ ఐఎన్‌ఐ ఫైలులో క్యాషెకు పరిమితి రాయాలి.

ఈ పాత ర్యామ్ ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. కొత్త ర్యామ్ సంగతి వేరు. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో 2025 చివర దాని ధర ప్రపంచమంతా మళ్ళీ ఎగసింది. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటానని ప్రకటించింది. నీహామా నాటిలాగే ఈసారి కూడా మన ప్రమేయం ఏమీ లేదు.

ఈ చరిత్రలో పెద్ద తేదీలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఎన్ని మెగాబైట్ల దగ్గర ఇంటి తెర మీద మొదటి తెలుగు అక్షరం సరిగ్గా నిలబడిందో మాత్రం ఎక్కడా రాసిలేదు. మాది బెల్లంపల్లి, 2004, 192. మీది ఎంతో గుర్తుంటే రాయండి. పక్కన ఊరి పేరు, సంవత్సరం మరవకండి.